మార్కెట్ పడ్డ రోజు చెయ్యి నిలవాలంటే: షేర్లున్న ఇంటికి కొన్ని చిట్కాలు

సింహాచలం కొండ కింద అడివివరం, గోపాలపట్నం, పెందుర్తి వైపు వీధుల్లో ఉక్కు ఫ్యాక్టరీలోనో, పోర్టులోనో, రిఫైనరీలోనో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లు చాలా కనిపిస్తాయి. పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొస్తే ఒకప్పుడు బ్యాంకు డిపాజిట్, లేకపోతే చీటీ, కాస్త ఎక్కువుంటే స్థలం. ఇప్పుడు ఆ డబ్బులో కొంత షేర్లలోకీ మ్యూచువల్ ఫండ్లలోకీ వెళుతోంది. మంచి మార్పే. అయితే ఏ షేరు కొనాలో చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది కానీ, కొన్న తర్వాత మన భయాన్నీ ఆశనీ ఎలా కట్టడి చేసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. గట్టి మనసున్నవాళ్లు కూడా మార్కెట్ పడ్డ రోజు తడబడతారు. అందుకే ఆ రోజు రాకముందే ఇంట్లో కొన్ని ఏర్పాట్లు చేసిపెట్టుకోవాలి.

1. డబ్బును ముందు మూడు వాటాలు చేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, పెద్దవాళ్ల వైద్యానికి అవసరమయ్యేది ఒక వాటా. అది సేవింగ్స్ ఖాతాలోనో డిపాజిట్‌లోనో ఉండాలి. ఐదేళ్లలోపు కావలసింది రెండో వాటా: అమ్మాయి పెళ్లి, అబ్బాయి ఫీజు, ఇంటి పై అంతస్తు. అదీ షేర్లలోకి పోకూడదు. మిగిలినదే మార్కెట్ వాటా. కంగారుగా అమ్ముకున్నవాళ్లను కదిలించి చూడండి, చాలామంది మూడో వాటా పెట్టాల్సిన చోట మొదటి వాటా డబ్బు పెట్టి ఉంటారు. ఆస్పత్రి బిల్లు మార్కెట్ కోలుకునేదాకా ఆగదు.

2. నెలనెలా పెట్టే సొమ్ముకు ఒక తేదీ పెట్టండి. జీతమో పెన్షనో పడిన మర్నాడు ఖాతాలోంచి దానంతటదే వెళ్లిపోయేలా సిప్ పెట్టుకుంటే, ఈ నెల పెట్టాలా వద్దా అన్న చర్చే ఇంట్లో రాదు. నెలకు 5,000 చొప్పున ఇరవై ఏళ్లు కడితే మీరు కట్టేది 12 లక్షలు. ఏటా సగటున 8 శాతం పెరిగితే అది 29 లక్షల పైచిలుకు, 10 శాతం పెరిగితే సుమారు 38 లక్షలు అవుతుంది. ఎంత శాతం వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇస్తున్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఈ లెక్కలో నేను చూపించాలనుకున్నది మరొకటి. ఆ 10 శాతం లెక్కలోనే పదిహేనేళ్లకు పోగయ్యేది దాదాపు 21 లక్షలు. మిగతా 17 లక్షలూ చివరి ఐదేళ్లలో వచ్చి చేరేవే. పన్నెండో ఏటో పదమూడో ఏటో విసిగిపోయి ఆపేసినవాళ్లు వదులుకునేది ఆ భాగాన్నే.

3. కొనేముందు నోటుపుస్తకంలో రాయండి. రెండు వందల పేజీల పుస్తకం ఒకటి చాలు. ఒక్కో షేరుకు ఒక్కో పేజీ. పైన తేదీ, ధర, ఎన్ని కొన్నారు. కింద నాలుగు మాటలు: ఈ కంపెనీ ఏం అమ్ముతుంది, దాని అప్పు ఎంత, నేనెందుకు కొంటున్నాను, ఏం జరిగితే అమ్మేస్తాను. నాలుగో ప్రశ్న దగ్గరే పెన్ను ఆగిపోతుంది. ఆగాలి కూడా. ‘ధర పడితే అమ్ముతాను’ అని రాస్తే అది సమాధానం కిందికి రాదు. ‘ఆడిటర్ మధ్యలో తప్పుకుంటే’, ‘వరసగా రెండేళ్లు లాభం ఉన్నట్టు చూపిస్తూ చేతికి నగదు రాకపోతే’, ‘ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెడుతూ పోతే’ అని రాస్తే సమాధానం. ఆ పేజీ కింద భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టండి. ‘ఏవండీ, ఈ మూడోది ఎందుకు కొన్నామో నాకు అర్థం కాలేదు’ అని ఆవిడ అడిగితే అర్థమయ్యేలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే కొనకండి.

4. ఏడాదికి ఒక్కసారే మొత్తం తెరిచి చూడండి. మనకు సింహాచలం అప్పన్న స్వామి నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ చందనోత్సవం నాడు, ఏడాదికి ఒక్కరోజే. ఆ రోజు గడవగానే మళ్లీ చందనం పూస్తారు, నాలుగు విడతల్లో ఆషాఢ పౌర్ణమికి ఆ పూత పూర్తవుతుంది. మీ షేర్ల లెక్క చూసుకోవడానికీ ఆ రోజులే పెట్టుకోండి: చందనోత్సవం అయ్యాక మొదలుపెట్టి, ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ లోపల ముగించండి. దీనికి భక్తితోపాటు ఒక లెక్క కూడా ఉంది. మార్చితో ముగిసిన ఏడాది ఫలితాలను లిస్టయిన కంపెనీలు మే 30 లోపు ప్రకటించాలి. అంటే జూన్‌లో కూర్చుంటే మీ ముందు తాజా అంకెలు ఉంటాయి. నోటుపుస్తకం తీసి, ఒక్కో పేజీలో మీరు రాసుకున్న నాలుగో సమాధానం నిజమైందో లేదో చూడండి. నిజం కాకపోతే పుస్తకం మూసి బీరువాలో పెట్టేయండి.

రోజూ చూస్తే నష్టమేమిటి అంటారా? మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో రాసిన పరిశోధనలో ఒక సంగతి తేల్చారు. వంద రూపాయలు వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ చాలా ఎక్కువ. ఈ కోవ పనికే కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని బెనార్ట్జీ, థేలర్ 1995లో మరో మెట్టు ఎక్కారు: ఎంత తరచుగా చూసుకుంటే అంత తరచుగా నష్టం కనిపిస్తుంది, అంత భయం పుడుతుంది. రోజువారీ చూస్తే మంచి మార్కెట్ కూడా దాదాపు సగం రోజులు ఎరుపే చూపిస్తుంది. అదే షేరు, అదే డబ్బు, చూసే వ్యవధి మారితే మనసు మీద పడే బరువు మారిపోతుంది.

5. ఫోన్‌లోంచి బ్రోకర్ యాప్ తీసేయండి. కంప్యూటర్‌లో ఉంటే చాలు. కనీసం నోటిఫికేషన్లయినా ఆపండి. కొనాలన్నా అమ్మాలన్నా మూడు రాత్రులు గడిచాకే అన్న నియమం పెట్టుకోండి.

6. పాత పతనాల పట్టీ ఒకటి రాసి బీరువా తలుపు లోపలివైపు అతికించండి. ఇలా ఉంటే చాలు: 1992 ఏప్రిల్‌లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడేనాటికి 4,400 దాటి ఉన్న సెన్సెక్స్, ఏడాది తిరిగేసరికి సగం కంటే కిందికి వచ్చింది. 2008 జనవరిలో 21,000 తాకింది, 2009 మార్చిలో 8,160. మళ్లీ 21,000 చూడడానికి 2010 నవంబరు దాకా పట్టింది, దాన్ని దాటి నిలబడడానికి మరో మూడేళ్లు. 2020 మార్చి 23న కరోనా భయంతో ఒక్కరోజులో 3,935 పాయింట్లు పడి 25,981కి వచ్చింది, ఆ నవంబరుకే పాత గరిష్ఠం దాటేసింది. 2024 జూన్ 4 మనందరికీ గుర్తే. ఇళ్లన్నీ టీవీల ముందు కూర్చుని అసెంబ్లీ ఫలితాలు చూస్తుంటే, అవతల లోక్‌సభ లెక్కలు చూసి సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడింది. ఆ శుక్రవారానికే అదంతా తిరిగి వచ్చింది.

ఈ పట్టీ ధైర్యానికి పనికొస్తుంది, కానీ ప్రతిసారీ ఇలాగే కోలుకుంటుందన్న పూచీ దానిలో లేదు. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర్లో చేరిన ఎత్తును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్లు. ఆ 1989 రోజుల్లో టోక్యోలో షేర్లు ఏ ధర పెట్టినా అమ్ముడుపోయేవి. దీర్ఘకాలం ఉంచితే చాలు అనుకుని ఎంత ధరకైనా కొనేవాళ్లకు ఇది చెప్పాలి. అందుకే పట్టీ అడుగున నిక్కీ మాట కూడా రాయండి.

7. నష్టంలో ఉన్న షేరును ‘కొన్న ధర వస్తే అమ్మేస్తా’ అని పట్టుకు కూర్చోకండి. మీరు ఎంతకు కొన్నారో మార్కెట్‌కు తెలియదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ రోజు ఇంతే నగదు చేతిలో ఉంటే, ఇదే షేరును ఇదే ధరకు కొంటానా? కొంటానంటే ఉంచండి, కొననంటే అమ్మండి. లాభమొచ్చిన షేరును తొందరగా అమ్మి జేబులో వేసుకోవడం, నష్టంలో ఉన్నదాన్ని ఏళ్లతరబడి మోయడం లోకమంతటా ఉన్న అలవాటు. అమెరికాలో టెరెన్స్ ఒడీన్ అనే పరిశోధకుడు పదివేల ఖాతాలు పరిశీలించి 1998లో చూపించాడు: జనం లాభంతో అమ్మేసిన షేర్లు, వాళ్లు నష్టంతో ఉంచుకున్న షేర్ల కంటే ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువ ఇచ్చాయి. అదే ఒడీన్, బార్బర్‌తో కలిసి చేసిన మరో పరిశోధనలో 1991–96 మధ్య మార్కెట్ ఏటా 17.9 శాతం ఇస్తే, అందరికంటే ఎక్కువగా కొని అమ్మిన ఇళ్లకు మిగిలింది 11.4 శాతం.

8. ఓపికకూ మొండితనానికీ తేడా తెలియాలంటే సత్యం కంప్యూటర్స్ కథ ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. మన తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదు. హైదరాబాద్ కంపెనీ, భీమవరం ప్రాంతపు కుటుంబం, అమెరికా ఉద్యోగాలకు ద్వారం. సత్యం షేరు ఇంట్లో ఉండడం ఆ రోజుల్లో గౌరవం. 2008లోనే కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది.

ఆ ఏడాది డిసెంబర్ 16న సత్యం బోర్డు, అదే కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. మదుపరులు మండిపడడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. మర్నాడు షేరు దాదాపు మూడో వంతు పడింది. వారం తిరగకముందే సత్యంపై ప్రపంచ బ్యాంకు ఎనిమిదేళ్ల నిషేధం సంగతి బయటికొచ్చింది. నెలాఖరుకల్లా స్వతంత్ర డైరెక్టర్లలో కొందరు ఒక్కొక్కరుగా రాజీనామా చేశారు. మూడు వారాల పాటు ఒకదాని వెనక ఒకటి ఇన్ని ప్రమాద ఘంటికలు మోగాయి. అయినా చాలామంది చవగ్గా దొరుకుతోందని కొన్నారు, ఉన్నవాళ్లు మంచి కంపెనీ కదా అని ఉంచుకున్నారు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది. ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశాడు. ముందురోజు 179 దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలు. ఆ రోజు సెన్సెక్స్ కూడా ఏడు శాతానికి పైగా పడింది.

ఇక్కడ కొందరు వాదిస్తారు: ఉంచుకున్నవాళ్లకు తిరిగి వచ్చింది కదా అని. వచ్చిన మాట నిజమే. కేంద్రం రెండు రోజుల్లో పాత బోర్డును రద్దు చేసి కొత్తవాళ్లను వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వాటా కొంది, 2013లో విలీనమయ్యాక ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. కానీ అదే హైదరాబాద్‌లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ చూడండి. 1994లో ఎంతో పేరుతో మొదలైంది. 2004 జులైలో రిజర్వు బ్యాంకు దానిపై మారటోరియం విధించింది, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్‌దారుల డబ్బు నిలిచింది. షేర్లున్నవాళ్లకు వచ్చింది సున్నా. రెండు కంపెనీల్లోనూ షేర్లున్నవాళ్లు ఒకే రకంగా ఓపిక పట్టారు. ఒకచోట అదృష్టం కలిసొచ్చింది, ఇంకోచోట లేదు. సూచీ పడితే ఓపిక పట్టండి. ఒక కంపెనీ లెక్కల మీద అనుమానం వస్తే ఓపిక పేరుతో కూర్చోకండి. ఏ ఒక్క కంపెనీలోనూ మార్కెట్ వాటాలో పదో వంతుకు మించి పెట్టకండి. ఈ పదో వంతు నా లెక్క, మీరు ఇంకా తగ్గించుకున్నా మంచిదే.

సత్యం తర్వాత మనకు ఒక మేలు జరిగింది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టడాన్ని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2009లో తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే, వాటాదారుల వివరాల్లో ఎంత శాతం తాకట్టులో ఉందో కనిపిస్తుంది. చూడడానికి రెండు నిమిషాలు పట్టదు. నోటుపుస్తకంలో దానికీ ఒక గడి గీయండి.

9. జీతమిచ్చే కంపెనీలోనే పొదుపంతా పెట్టకండి. సత్యం ఉద్యోగులకు ఒకే ఉదయం ఉద్యోగ భయం, షేర్ల నష్టం రెండూ వచ్చాయి. రిఫైనరీలో పనిచేసేవాళ్లు హెచ్‌పీసీఎల్ షేర్లే, ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కోరమాండల్ షేర్లే కొనుక్కుంటే అదే పరిస్థితి. ఉక్కు ఫ్యాక్టరీ ఆర్ఐఎన్ఎల్ షేర్లు మార్కెట్‌లో లేవు. పబ్లిక్ ఇష్యూ 2012 నుంచి వాయిదా పడుతూ వచ్చింది. ‘వైజాగ్ స్టీల్ షేర్లు ముందే ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

10. ఫ్యూచర్స్, ఆప్షన్ల జోలికి వెళ్లకండి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ల లెక్క తీసి సెబీయే ప్రకటించింది: అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లకు పైనే. షేర్లలో రోజులోపలే కొని అమ్మేవాళ్లలో కూడా పదిమందిలో ఏడుగురు 2022–23లో నష్టపోయారని సెబీ మరో అధ్యయనం చెప్పింది. చదువుకున్న కుర్రాళ్లు ఇంట్లో చెప్పకుండా అప్పు చేసి ఇందులో దిగుతున్నారు. పిల్లలతో ఈ అంకెలు ఒకసారి మాట్లాడండి. తిట్టకండి, తిడితే దాస్తారు. దాచిన అప్పు పెరుగుతుంది.

11. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే టిప్పులకు డబ్బు పంపకండి. సలహా ఇచ్చేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. పెట్టుబడి సలహాదారు నంబరు ఐఎన్ఏ అనీ, రీసెర్చ్ ఎనలిస్ట్ నంబరు ఐఎన్‌హెచ్ అనీ మొదలవుతుంది. ఆ నంబరు సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, వాళ్లు పంపిన ఫొటోలో కాదు. నకిలీ యాప్‌లో లాభం కనిపిస్తుంది, తీసుకోబోతే ‘ముందు పన్ను కట్టండి’ అంటుంది. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే డబ్బు చేతులు మారిపోతుంది.

12. డిపాజిటరీ నుంచి వచ్చే స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. ధరలు చూడమని కాదు, షేర్ల సంఖ్య సరిగ్గా ఉందా అని. హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి సొంతానికి అప్పు తెచ్చుకుందని 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు ఇచ్చేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు. బ్రోకర్ యాప్‌లో కనిపించేది బ్రోకర్ చూపించేది. ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో ఉన్నదే అసలు లెక్క. అది మీ ఈమెయిల్‌కు వస్తుంది. రాకపోతే ఖాతాలో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబరు మీవేనా అని అడగండి.

13. పాత ట్రంకుపెట్టెల్లో కాగితపు షేర్లు ఉన్నాయేమో వెతకండి. నాన్నగారో తాతగారో డెబ్బై, ఎనభైల్లో కొన్నవి చాలా ఇళ్లలో ఎల్ఐసీ బాండ్ల మధ్య పడి ఉంటాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం రూపంలో ఉన్న షేర్లను వేరొకరి పేరుకు బదిలీ చేయడం కుదరదు, డీమ్యాట్ చేయించాలి. ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కేంద్రం నిర్వహించే ఐఈపీఎఫ్ నిధికి వెళ్లిపోతాయి. అలా వెళ్లినా పోయినట్టు కాదు, ఐఈపీఎఫ్-5 ఫారం పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాస్త తిరగాలి, కాగితాలు కూడగట్టాలి, అంతే. ముప్పై నలభై ఏళ్లు ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోయిన ఆ షేర్లలో బోనస్‌లు, విభజనలు కలిసి ఎంత అయ్యాయో చూసి ఆశ్చర్యపోయిన కుటుంబాలు ఉన్నాయి. మూతబడిన కంపెనీల కాగితాలు చిత్తు కింద పోయిన కుటుంబాలూ ఉన్నాయి.

మీరు ఇరవై ఏళ్ల కోసం కొంటున్నవి రేపు మీ పిల్లల చేతికి ఇలాగే వస్తాయి. డీమ్యాట్ ఖాతాకూ, ప్రతి మ్యూచువల్ ఫండ్‌కూ నామినీ పేరు పెట్టారో లేదో ఈ ఆదివారం చూడండి. లేకపోతే ఆ రోజే పెట్టేయండి. ఏ బ్రోకర్ దగ్గర ఏ ఖాతా ఉందో నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.